ఆకాశంలో అత్తగారికి ప్రయాణికులు కావలెను

కిందటి వారం మనం విమానం మెట్ల దగ్గర ఆగిపోయాం. మెట్లంటే నిజం మెట్లు కావు, వడ్రంగి చేత కొట్టించిన చెక్క మెట్లు. విమానమన్నా ఎగిరేది కాదు. కలబార్ ఊరు దాటాక, రోడ్డు పక్క మైదానంలో, ఎవరో హోటల్ పెడదామని తెచ్చి, పెట్టకుండానే వదిలేసిన పాత విమానం. ఇంజన్లు ఎప్పుడో ఊడదీశారు. చక్రాల్లో గాలి పోయి పొట్ట గడ్డిలోకి దిగబడింది. ఆ పొట్టలోనే ఉన్వానా తన దయ్యం సినిమా 'ఆకాశంలో అత్తగారు' మూడో భాగం తీస్తోంది. ఇంక మూడంటే మూడు సీన్లున్నాయి. పొద్దున్నే ప్రయాణికుల వేషాలు వెయ్యడానికి వచ్చిన చర్చి పాటల బృందాన్ని, నిజం దయ్యం పట్టుకుంటుందని చెప్పి, పాస్టరుగారు బస్సెక్కించి తీసుకుపోయారు. ఆ బస్సు లేపిన దుమ్ము ఇంకా అణగకముందే, దాని వెనకే ఒక లారీ వచ్చి ఆగింది. లారీ నిండా గ్యాస్ సిలిండర్లు. అదంతా గుమ్మంలో నిలబడి చూసింది మేయెన్ ఒక్కతే.

మేయెన్‌కి అరవై ఒకటి. ఇరవై నాలుగేళ్లు ఎయిర్ హోస్టెస్‌గా పని చేసింది. అందులో ఆరేళ్లు ఇదే విమానంలో. ఏడో వరుస కిటికీ రెప్ప కిందికి దిగదని ఆమెకి అప్పుడూ తెలుసు, ఇప్పుడూ అది దిగదు. ఉన్వానా ఆమె తమ్ముడి కూతురు. హీరోయిన్‌కి మెడలో స్కార్ఫు కట్టుకోవడం నేర్పి వెళ్లిపో ఆంటీ అని పిలిచింది. అయిదు వారాలైంది, మేయెన్ వెళ్లలేదు. దయ్యం నడిస్తే నడిచింది గానీ తిండి బండికి బ్రేకు వెయ్యకుండా నడవకూడదని మొదటి రోజే అడ్డం పడింది. అప్పట్నించీ ఆమె లేకుండా ఒక్క షాటూ జరగలేదు.

లారీ దిగిన మనిషి మీద చొక్కా ఎంత తెల్లగా ఉందంటే, ఇనుము కోసేవాడంటే నమ్మబుద్ధి కాలేదు. యాభై దాటిన భారీ మనిషి. చేతిలో మడత పెట్టిన రుమాలు. ఇకోట్ ఎక్‌పెనే నుంచి ఓరోన్ దాకా అందరూ ఆయన్ని ఐరన్ ఉఫోట్ అంటారు. ఆయన వెనక నలుగురు పనివాళ్లు దిగారు. వాళ్లలో గడ్డం నెరిసినాయన, ఎన్సికాక్ అని పేరు, గ్యాస్ గొట్టం భుజాన వేసుకుని తిన్నగా విమానం తోక వైపు నడిచాడు.

లోపల ఉన్వానాకి ఇదేమీ తెలియదు. ప్రయాణికులు పోతే పోయారని, కొత్త పెళ్లికూతురూ పెళ్లికొడుకూ మాట్లాడుకునే ముక్క ఒకటి తీసుకుంటోంది. అది బాగానే వచ్చింది. "కట్," అని గట్టిగా అరిచింది.

తోక దగ్గర బుస్సుమని మంట లేచింది.

విమానంలోకి పొగ వచ్చింది. పెళ్లికొడుకు వేషం వేసిన కుర్రాడు చుట్టూ చూసి, "బాగుంది మేడమ్, ఈ పొగ మనకి ముందే ఉంటే బాగుండేది," అన్నాడు. మేయెన్ అప్పటికే చెక్క మెట్లు దిగి, చీలమండల దాకా గడ్డిలో తోక వైపు పరిగెడుతోంది. ఆ వయసులో పరిగెత్తడం మంచిది కాదని డాక్టరు చెప్పిన మాట సగం దారిలో గుర్తొచ్చింది.

"ఆపవయ్యా. లోపల మనుషులున్నారు."

ఎన్సికాక్ మంట తగ్గించి, నల్ల కళ్లద్దాలు నుదుటి మీదకి ఎత్తాడు. "కట్ అన్నారు కదమ్మా."

"అది నీకు కాదు."

"మరెవరికి?"

"కెమెరాకి."

"కెమెరాని కూడా కోస్తారా?" అన్నాడు ఎన్సికాక్, నిజంగానే తెలుసుకుందామని.

ఈలోగా ఉన్వానా బయటికి వచ్చింది. ముప్పై నాలుగేళ్ల పిల్ల, చేతిలో స్క్రిప్టు కాయితాలు, నెత్తిన టోపీ. లారీని చూసింది, సిలిండర్లని చూసింది, తోక మీద జానెడు నల్లటి గీత చూసింది. అరవలేదు. అరవకపోతే ఆమెకి చాలా కోపం వచ్చినట్టు.

ఉఫోట్ రుమాలుతో మెడ తుడుచుకుని, ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాయితం తీసి మర్యాదగా అందించాడు. "నేను కొనుక్కున్నానమ్మా. ముద్రలు చూసుకోండి. సాయంత్రానికి తోకా రెక్కలూ అయిపోవాలి. రేపు పొట్ట."

ఉన్వానా చూసింది. ముద్రలున్నాయి. కింద కోడి గీరినట్టు సంతకాలున్నాయి. అంతకంటే చదవడానికి ఆమెకి మనసు నిలవలేదు. ఈ విమానంలో షూటింగ్ చేసుకోమన్నది కాపలాదారు. యజమాని ఎవరో, ఎక్కడుంటాడో ఆమె ఎప్పుడూ అడగలేదు. అడిగితే వద్దంటారేమోనని భయం. ఇప్పుడు ఎవరి మీద అరవాలన్నా ఆమెకి హక్కు లేదు.

"మూడు సీన్లు," అంది. "మూడే. నాలుగు రోజులివ్వండి."

"క్రేను ఉయో నుంచి వస్తోంది. ఆపితే మళ్లీ నెలదాకా దొరకదు."

"ఊరంతా పోస్టర్లు అంటించేశాం, ఎటే," అంది, పెద్ద మగవాళ్లని అక్కడ అలాగే పిలుస్తారు. " క్రిస్మస్‌కి వస్తుందని. మార్కెట్లో ఆడవాళ్లు నన్ను ఆపి అడుగుతున్నారు, అత్తగారు ఈసారైనా కోడల్ని క్షమిస్తుందా అని. ఏం చెప్పను? అత్తగారు విమానంలో ఉండగా విమానాన్ని తుక్కు చేశారని చెప్పనా?"

ఉఫోట్ మొహంలో ఏదో కదిలింది. "క్షమిస్తుందా?" అన్నాడు.

"చూస్తే తెలుస్తుంది."

"మా ఆవిడ రెండో భాగం నాలుగుసార్లు చూసింది," అన్నాడు ఉఫోట్ నెమ్మదిగా. తర్వాత తన పని గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాడు. "అయినా వ్యాపారం వ్యాపారమేనమ్మా. అరగంట ఇస్తాను. మీ సామాను దింపుకోండి."

ఉన్వానా ఇంకేదో అనబోయింది. మేయెన్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. మేయెన్ చూపు ఉఫోట్ బూట్ల మీద ఉంది. విమానం ఎంత కొయ్యాలో కొలుచుకుందామని ఆయన చెక్క మెట్ల దాకా వచ్చాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టబోయి, ఆగి, బూట్లకి అంటిన మట్టి గడ్డికేసి రుద్దాడు. ఒక బూటు, తర్వాత రెండోది. అంతా అయ్యాక ఎక్కలేదు. మెట్టు వైపు ఎత్తిన కాలు దించేసి వెనక్కి తగ్గాడు.

రేపు ముక్కలు చెయ్యబోయే దానికోసం బూట్లు తుడుచుకున్న మనిషిని మేయెన్ జాగ్రత్తగా చూసింది.

"లోపలికి వచ్చి చూడకూడదా, ఎటే?"

"అక్కర్లేదు. బయట్నించి కొలుస్తాను."

"ఇంతకుముందు విమానాలు కోశారా?"

"మూడు."

"ఎప్పుడైనా ఎక్కారా?"

జవాబు ఎన్సికాక్ ఇచ్చాడు. "సార్ ఎక్కరమ్మా. మమ్మల్నీ ఎక్కనివ్వరు. సీట్లు కూడా బయట్నించి కొక్కెంతో లాగాల్సిందే."

"ఎందుకని?"

ఉఫోట్ రుమాలు విప్పి, మళ్లీ మడతపెట్టాడు. "కూర్చుంటే కోయబుద్ధి కాదు మేడమ్," అన్నాడు చివరికి. "మొదటిసారి, ఎప్పుడో పదేళ్ల కిందట, ఒకదాంట్లో కాసేపు కూర్చుందామనుకున్నాను. గుమ్మం దాకా వెళ్లాను. కిటికీల్లోంచి ఎండ పడుతోంది సీట్ల మీద. ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టుంది. ఆ రోజు పని చెయ్యలేకపోయాను. మర్నాడు నా బావమరిది వచ్చి కోశాడు. అప్పట్నించీ లోపలికి వెళ్లను."

మేయెన్ తల ఊపింది. మెట్లెక్కి లోపలికి వెళ్లిపోయింది.

లోపల నాలుగో వరుస దగ్గర గోడకి అద్దం ముక్క ఉంది. దాని ముందు నిలబడి మెడలో స్కార్ఫు విప్పి మళ్లీ కట్టుకుంది, ముడి ఎడమ పక్కకి వచ్చేలా. తల పైనుంచి గొంతు వినిపించింది. "ఏమే మేయెన్, బయట ఆ గోలేంటి? మళ్లీ పాస్టరేనా?"

పైన సామాను అరలో పడుకుని ఉంది మామా ఇక్వో. మామా అంటే అక్కడ అమ్మ. అత్తగారి దయ్యం ఆమే. పిట్టంత మనిషి. మొహం నిండా సుద్ద, కళ్లకింద ఎర్ర రంగు, నెత్తిన ఈతనార విగ్గు. ఆమెని ఆ అరలోకి ఎక్కించాలంటే ఇద్దరు మగాళ్లు కావాలి. అందుకని పొద్దున ఒకసారి ఎక్కితే షాటు అయ్యేదాకా దిగదు. పక్కన అరటికాయ వేపుళ్ల పొట్లం పెట్టుకుని నములుతూ ఉంటుంది.

"ప్రయాణికులు వస్తున్నారు," అంది మేయెన్. "అర మూసేస్తాను. ఇప్పుడు నమలకు. చప్పుడు వినిపిస్తుంది."

ఉన్వానాని పిలిచి రెండు ముక్కలు చెవిలో చెప్పింది. ఉన్వానా ఆమెని వింతగా చూసి, కెమెరామన్‌కి సైగ చేసింది. చిన్న ఎర్ర దీపం వెలిగింది.

మేయెన్ గుమ్మంలోకి వచ్చి నిటారుగా నిలబడింది. చేతులు ముందు కట్టుకుంది. నడుం నొప్పి ఎక్కడికి పోయిందో తెలియదు. "శుభోదయం," అంది, గడ్డిలో నిలబడ్డ అయిదుగురు మగాళ్లని చూస్తూ. "మా విమానానికి స్వాగతం. దయచేసి ఒక్కొక్కరుగా ఎక్కండి. సిలిండర్లు లోపలికి తీసుకురాకూడదు."

ఎవరూ కదల్లేదు. కాసేపటికి ఎన్సికాక్ చేతి తొడుగులు విప్పి గడ్డిలో పడేశాడు.

"నువ్వెక్కడికి?" అన్నాడు ఉఫోట్.

"ఊరికే సార్. చూసి వచ్చేస్తాను."

"ఎన్సికాక్."

"సార్, ఇరవై ఏళ్లుగా మీ దగ్గర పని చేస్తున్నాను. ఎప్పుడైనా ఏమైనా అడిగానా?"

"పోయిన నెల చెప్పులడిగావు."

"ఇవ్వలేదుగా," అన్నాడు ఎన్సికాక్, మెట్లెక్కుతూ. పై మెట్టు మీద ఆగి, మేయెన్‌కి వంగి దణ్ణం పెట్టాడు. "నా సీటెక్కడమ్మా?"

"ఆరో వరుస, కిటికీ పక్కన. ప్రయాణం హాయిగా సాగాలి."

అతని వెనక మిగిలిన ముగ్గురూ. వాళ్ల వెనక రోడ్డు మీద చేపలు వేయించే ఆడవాళ్లు ఆరుగురు. వాళ్లని ఎవరూ పిలవలేదు. పొద్దున్నించీ ఈ తంతంతా చూస్తున్నారు, పొయ్యిలార్పేసి, చేతులు కడుక్కుని, తలకి కొత్త గుడ్డలు చుట్టుకుని వచ్చి వరసలో నిలబడ్డారు. ఒకావిడ సంకలో పిల్లాడున్నాడు. మేయెన్ ఆ పిల్లాడికి కూడా సీటు నంబరు చెప్పింది.

ఇక గడ్డిలో ఉఫోట్, లారీలో డ్రైవరు మిగిలారు. ఎండ తలమీదకి వచ్చింది. లోపల్నించి నవ్వులు, బెల్టుల చప్పుడు, "నా కిటికీలోంచి నా పొయ్యి కనిపిస్తోందర్రా" అని ఒకావిడ మాట వినిపిస్తున్నాయి. ఉఫోట్ గడియారం చూసుకున్నాడు. తన లారీని చూసుకున్నాడు. రెక్కని చూశాడు.

మేయెన్ తలుపు మీద చెయ్యి వేసింది. "ఎటే ఉఫోట్, తలుపు మూసే వేళైంది. మీ ఒక్కరికోసమే ఆగాం."

ఆయన ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు తగ్గించి అడిగాడు. "కిటికీ పక్కన ఖాళీ ఉందా?"

"మీకోసమే ఉంచాం. నాలుగో వరుస."

ఆయన మళ్లీ బూట్లు తుడుచుకుని ఎక్కాడు.

బెల్టు ఆయన పొట్టకి చాల్లేదు. మేయెన్ వెనక్కి వెళ్లి ఇంకో ముక్క తెచ్చి కలిపింది. ఆయన పొట్టని ఆమె చూడలేదు, ఆయన మొహాన్ని మాత్రమే చూసింది. అది ఉద్యోగంలో నేర్చుకున్నదే. తిండి బండి తోసుకొచ్చింది. దాని చక్రం ఒకటి ఆ రోజుల్లోనూ కీచుమనేది. కాయితం పొట్లాల్లో వేరుశెనగలు, చిన్న ప్లాస్టిక్ సంచుల్లో మంచినీళ్లు. ప్రతి ఒక్కరినీ అడిగింది, "వేరుశెనగలు కావాలా, వద్దా?" అని, కావాలనే అంటారని తెలిసినా. అడిగించుకోవడం వాళ్లకి బాగుంది. ఒకడు మొదట వద్దని, ఎలా ఉంటుందో చూసుకుని, తర్వాత కావాలన్నాడు.

ఉఫోట్ కిటికీలోంచి చూస్తున్నాడు. బయట కాపలాదారూ, మేకప్ అతనూ ఒక పెద్ద నీలం దుప్పటి పట్టుకుని కిటికీల ముందునుంచి నడుస్తున్నారు. దుప్పటికి దూదితో మబ్బులు అంటించి ఉన్నాయి. చివరిదాకా వెళ్లి, వంగి పరిగెత్తుకుంటూ మళ్లీ మొదటికి వస్తున్నారు.

"మబ్బులు బాగానే ఉన్నాయి," అన్నాడు ఉఫోట్. "కానీ శబ్దం లేదేంటి మేడమ్? ఇంజను మోత లేకపోతే ఎవరు నమ్ముతారు?"

"ఇంజన్లు ఎవరో పట్టుకుపోయారు, ఎటే."

ఉఫోట్ ఒక్క క్షణం ఆలోచించాడు. కిటికీ అద్దం మీద దబదబా బాదాడు. బయట డ్రైవరుకి చేతులతో సైగలు చేశాడు. లారీ వెనక్కి వెనక్కి వచ్చి విమానం నడుముకి ఆనుకుంది. డ్రైవరు తొక్కిపట్టి ఇంజను రెచ్చగొట్టాడు. విమానమంతా వణికింది. నేల వణికింది, సీట్లు వణికాయి, మేయెన్ చేతిలో ట్రే మీద నీళ్ల సంచులు వణికాయి. పదకొండేళ్ల తర్వాత ఆ వణుకు ఆమె అరికాళ్లలోంచి మోకాళ్ల దాకా వచ్చింది. ఆమె ఒక సీటు వీపు పట్టుకుని కాసేపు ఆగింది.

ఉన్వానా కెమెరా పక్కనుంచి చేతులెత్తింది. "అందరూ వినండి. ఇప్పుడు విమానం కుదుపుల్లో పడింది. నేను ఎడమంటే ఎడమకి ఒరగండి, కుడంటే కుడికి. ఇక్కడ కట్ అన్న మాట ఎవరూ అనరు, నేను కూడా అనను. ఎడమ. కుడి. ఎడమ."

బరువులెత్తే మనుషులు, చేపల గంపలు మోసే ఆడవాళ్లు. వాళ్లు ఒరిగితే విమానం నిజంగా కిర్రుమంది. చంకలో పిల్లాడు కేరింతలు కొట్టాడు. ఎన్సికాక్ ఎడమంటే కుడికి ఒరుగుతున్నాడు, పక్కావిడ నెత్తిన ఒక్కటి మొట్టింది. దీపాలు టపటపా ఆరి వెలిగాయి, కెమెరామన్ తమ్ముడు స్విచ్చి నొక్కుతున్నాడు.

నాలుగో వరుస మీద సామాను అర తలుపు మెల్లగా, దానంతట అదే తెరుచుకుంది.

మొదట ఒక తెల్లటి చెయ్యి వచ్చింది. తర్వాత ఈతనార జుట్టు వేలాడింది. తర్వాత తలకిందులుగా ఒక మొహం.

సినిమా అని అందరికీ తెలుసు. తెలిసినా ఎవరికీ గుర్తురాలేదు. "అబాసీ మ్బోక్, అబాసీ మ్బోక్," అని ఆడవాళ్లు దేవుణ్ణి పిలుచుకుంటున్నారు. పెళ్లికూతురు తన డైలాగు మరిచిపోయి నిజంగానే అరిచింది. ఉఫోట్ బెల్టు విప్పుకోవడం చేతకాక, దొరికింది పట్టుకున్నాడు. దొరికింది మేయెన్ చెయ్యి. ఆయన చెయ్యి చల్లగా ఉంది.

ఇక్వో అరలోంచి పాములా జారి ఉఫోట్ పక్క సీట్లోకి దిగింది. చుట్టూ చూసింది. తాపీగా, కలబార్ అంతటికీ కంఠతా వచ్చిన ఆ గొంతుతో అడిగింది. "నా కోడలు నాకోసం వండిన ఆఫాంగ్ సూపులో ఎండుచేప ఎవరు తిన్నారు?"

స్క్రిప్టులో ఇక్కడ పెళ్లికూతురు ఏడవాలి. కానీ ఆరో వరుసలోంచి ఎన్సికాక్ లేచి నిలబడ్డాడు. "నేను కాదు మామా," అన్నాడు. "మా సార్‌కి ఎండుచేపంటే ఇష్టం."

"ఎన్సికాక్," అన్నాడు ఉఫోట్, కళ్లు దయ్యం మీదనుంచి తిప్పకుండా. "నీ ఉద్యోగం పోయింది."

ఉన్వానా రెండు చేతులతోనూ నోరు మూసుకుంది. కెమెరామన్ భుజాలు ఎగిరిపడుతున్నాయి గానీ కెమెరా కదల్లేదు. ఇక్వో ముప్పై ఏళ్ల నాటకాల మనిషి. చేతికి వచ్చినదాన్ని వదల్లేదు. ఉఫోట్ వైపు తిరిగి, ఆయన వేరుశెనగల పొట్లంలోంచి ఒక గింజ తీసుకుని నోట్లో వేసుకుని నమిలింది. "అబద్ధం చెప్పేవాడి పక్కన కూర్చోను," అంది. "కానీ నువ్వు భయపడ్డావు, పారిపోలేదు. నా కొడుకు నీలాంటి వాడైతే నేను చచ్చేదాన్ని కాదు." తర్వాత కోడలి దగ్గరికి నడిచి, సుద్ద పూసిన చెయ్యి ఆ పిల్ల తల మీద పెట్టింది. "ఉప్పు కొంచెం ఎక్కువైంది. మిగతాదంతా బాగుంది."

ఆ మాట కూడా స్క్రిప్టులో లేదు. చేపలు వేయించే ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. మూడేళ్లుగా వాళ్లు ఎదురుచూస్తున్న క్షమ అది.

"అయిపోయింది," అంది ఉన్వానా. "అయిపోయిందర్రా."

చప్పట్లు, కేకలు, ఒకరినొకరు కొట్టుకోవడం. అంతా సద్దుమణిగాక ఎవరికీ లేవబుద్ధి కాలేదు. బెల్టులు పెట్టుకునే కూర్చున్నారు, ఇంకా ఏదో కావాలన్నట్టు. వాళ్లకేం కావాలో మేయెన్‌కి తెలుసు. ముందుకు వెళ్లి, గోడకి తగిలించిన మైకు అందుకుంది. అది పనిచెయ్యదు. అయినా నోటి దగ్గర పెట్టుకుంది.

ఆమె ఉద్యోగం ఒక ఉత్తరంతో పోయింది. మంగళవారం కానో వెళ్లి వచ్చింది, బుధవారం పోస్టులో ఉత్తరం. కంపెనీ మూతపడిందని, యూనిఫారం తిరిగి పంపమని. ఆ మంగళవారం ప్రయాణికులకి ఏం చెప్పి దింపిందో ఆమె ఎంత ఆలోచించినా గుర్తురాదు. చివరిదని తెలిసి ఉంటే గుర్తుపెట్టుకునేది.

"ప్రయాణికులకి మనవి," అంది. లారీ ఇంజను ఆగింది. "మనం కలబార్‌లో దిగాం. బయట ఎండగా ఉంది. మీ సామాను మరిచిపోకండి. పైన అర తెరిచేటప్పుడు జాగ్రత్త, అందులో ఏమైనా ఉండొచ్చు." నవ్వారు. ఆమె ఆగింది. "మాతో ప్రయాణం చేసినందుకు సోసోంగో. మీ అందరికీ. ఇంతకుముందు నాతో ప్రయాణం చేసి, నేను సరిగ్గా చెప్పకుండా దింపేసిన వాళ్లకి కూడా సోసోంగో."

మైకు తగిలించింది. తలుపు తీసి, గుమ్మంలో నిలబడి, దిగుతున్న ఒక్కొక్కరికీ తల వంచింది. చేపల ఆవిడ ఒకామె దిగుతూ ఆమె బుగ్గ నిమిరి వెళ్లింది. ఎన్సికాక్ దిగుతూ, "అమ్మా, నా ఉద్యోగం సంగతి సార్‌తో ఒక మాట చెప్పండి," అన్నాడు.

"సాయంత్రానికి ఆయన మరిచిపోతార్లే."

"మరిచిపోతారు. ఇది నాలుగోసారి," అని సంతోషంగా మెట్లు దిగాడు.

ఉన్వానా, కెమెరామన్ బయట నీడలో కూర్చుని, తీసిన ముక్క చిన్న తెర మీద చూసుకుంటూ పడీపడీ నవ్వుతున్నారు. లోపల ఉఫోట్ ఒక్కడే మిగిలాడు, కిటికీ పక్కన. బెల్టు విప్పలేదు. మేయెన్ వచ్చి విప్పింది.

"చెప్పాను కదా మేడమ్," అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. "కూర్చుంటే కోయబుద్ధి కాదని."

"తెలిసే కూర్చోబెట్టాను, ఎటే. తప్పయితే క్షమించండి."

ఆయన ముందు సీటు వీపు మీద అరచేయి వేసి రుద్దాడు. "ఆదివారం దాకా తియ్యండి. క్రేను వాడికి నేను చెప్పుకుంటాను. ఇంకో సీన్లో ప్రయాణికులు కావాలంటే మా ఆవిణ్ణి తీసుకొస్తాను. ఆమె నాకంటే గట్టిగా అరుస్తుంది." లేచి నిలబడ్డాడు. తల పైన అరకి తగిలింది, తడుముకుని నవ్వాడు. "ఒక్క కోరిక. అత్తగారితో ఒక ఫొటో. లేకపోతే ఇంట్లో నమ్మరు."

ఇక్వో వెనక వరుసలో అటు తిరిగి కూర్చుని ఉంది. ఇందాకట్నించీ అలాగే ఉంది, ఎవరితోనూ మాట్లాడకుండా. "ఫొటోలు వద్దు," అంది, మొహం తిప్పకుండా. "దయ్యం ఫొటోలో పడదు."

"ఏంటి మామా, ఊరంతా నీ ఫొటోలేగా," అంది మేయెన్.

"తలనొప్పిగా ఉంది. తర్వాత చూద్దాం." ఇక్వో గబగబా లేచి, ఉఫోట్‌ని తప్పించుకుని ముందు తలుపు వైపు నడవబోయింది. నాలుగో వరుస దగ్గర అర తలుపు ఇంకా తెరిచే ఉంది, దారి మీదకి వేలాడుతూ. దాని కొక్కేనికి ఈతనార విగ్గు తగులుకుంది. ఆమె రెండడుగులు ముందుకు వెళ్లాక గానీ అది నెత్తిన లేదని తెలియలేదు.

పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు. చెవుల వెనక సుద్ద లేని చోట ఆమె అసలు రంగు. ఎడమ చెవి మీద చిన్న కాలిన మచ్చ.

ఉఫోట్ ఆ మచ్చ చూశాడు. కళ్లు చిట్లించాడు. తర్వాత వెంటనే, పెద్దవాళ్ల ముందు చేసినట్టు, చేతులు కట్టుకుని వంగాడు.

"క్షమించాలి మేడమ్. మీరని గుర్తుపట్టలేదు." అయోమయంగా మేయెన్ వైపు చూశాడు, మళ్లీ ఇక్వో వైపు. "మీరే తొందరపెట్టారు కదా, అందుకే ఇవాళే వచ్చాను. మొన్న మీ ఇంట్లో ఈ విమానం నాకు అమ్మిన కాయితం మీద సంతకం పెట్టేటప్పుడు మరీ మరీ చెప్పారు. వారం తిరక్కుండా ముక్కలు చేసెయ్యమని, ఒక్క సీటు కూడా మిగలకూడదని. ఇప్పుడు మరి, ఆదివారం దాకా ఆగమంటారా?"

మేయెన్ చేతిలో బెల్టు ముక్క అలాగే ఉండిపోయింది. బయట ఉన్వానా మళ్లీ నవ్వుతోంది, ఎన్సికాక్ మాట దగ్గరికి వెనక్కి తిప్పి మళ్లీ పెట్టమంటోంది.

ఇక్వో చెయ్యి చాపి కొక్కెం నుంచి విగ్గు తీసుకుంది. నెత్తిన పెట్టుకోలేదు. రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. సుద్ద కింద ఆమె మొహంలో ఏముందో తెలియడం లేదు.

"ఆ పిల్ల, ఉన్వానా, ఎక్కడుంది?" అని అడిగింది.

"బయట. నీడలో."

"అయితే ముందు ఆ తలుపు మూసెయ్, మేయెన్."